చెరువు ఎక్కడితో ఆగుతుంది?

మా కాలనీ చివరి వీధిలో ఒక హద్దురాయి ఉంది. మోకాలెత్తు సిమెంటు దిమ్మె. దాని మీద ‘ఎఫ్‌టీఎల్’ (చెరువు నిండితే నీరు వచ్చే హద్దు) అన్న అక్షరాలు, వాటి కింద ఒక నంబరు. ఎప్పుడో ఎర్రరంగుతో రాసినవి వెలిసిపోయి ఇటుకపొడి రంగుకు దిగాయి. పాలబ్బాయి దానికి ఆనించి బండి నిలుపుతాడు. పిల్లలకు అది వికెట్టు. ఆ రాయికి ఇటువైపు స్థలం ధర వింటే మధ్యతరగతి మనిషి మారుమాట్లాడకుండా వెనక్కి తిరుగుతాడు. అటువైపు, కాగితం ప్రకారం, ఒక్క ఇటుక కూడా పెట్టకూడదు. అయినా అటువైపు మూడంతస్తుల ఇళ్లు రెండు వరసలు ఉన్నాయి. వాటికి కరెంటు మీటర్లున్నాయి, నల్లా కనెక్షన్లున్నాయి, ఏటా ఆస్తిపన్ను కట్టిన రసీదులున్నాయి.

ఆ చెరువు లోపల ఒకప్పుడు సాగు చేసిన పెద్దాయన ఒకరు ఇప్పటికీ సాయంత్రాలు కట్ట మీద కూర్చుంటాడు. అసలు చెరువు ఎంత దాకా ఉండేదని ఒకసారి ఆయన్ని అడిగాను. ఆయన రాయి వైపు చూడనే లేదు. వీధి మలుపులో ఉన్న ఒంటి తాటిచెట్టును చూపించాడు. “ఎండాకాలంలో చెరువు వెనక్కి పోయేదమ్మా. మేము దాని వెనకే పోయి పుచ్చకాయలు, దోసకాయలు వేసేవాళ్లం. వానలు పడితే అది ముందుకు వచ్చేది, మేము వెనక్కి వచ్చేవాళ్లం. కాలం బాగా అయిన ఏడాది ఆ తాటిచెట్టు దాకా వచ్చేది” అన్నాడు.

తాటిచెట్టు హద్దురాయికి అరవై అడుగులు ఇవతల ఉంది. 2020 అక్టోబర్ 13న మా హైదరాబాద్ నగరం మీద కుంభవృష్టి కురిసింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా పడింది. ఆ వారంలోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ శివారు కాలనీల్లో మనుషులు కొట్టుకుపోయారు. మా దగ్గర కట్ట తెగలేదు. కానీ మరునాడు తెల్లవారి చూస్తే హద్దురాయి కనిపించలేదు. నీళ్లు తాటిచెట్టు మొదట్లోకి వచ్చి ఆగి ఉన్నాయి. ఫోనులో ఒక ఫొటో తీసుకున్నాను.

చెరువు అంచు ఏడాది పొడవునా కదులుతూనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు, బ్యాంకుకు, కోర్టుకు మాత్రం కదలని గీత కావాలి. హైదరాబాద్‌లో చెరువుల చుట్టూ, ఖాళీ నేలల చుట్టూ ఇన్నేళ్లుగా నడుస్తున్న తగవులను ‘అభివృద్ధికీ పర్యావరణానికీ మధ్య పోరు’ అని చెప్పడం అలవాటైపోయింది. ఆ మాటతో అసలు ముడి ఎక్కడుందో కనబడకుండా పోతుంది. గీత ఎక్కడ గీయాలి, ఎవరు గీయాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఎప్పుడు గీయాలి అన్నదే ముడి.

సముద్రతీరంలోనూ పేచీ ఇదే. 1991 ఫిబ్రవరిలో కేంద్రం తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ తెచ్చినప్పుడు, పోటు సమయంలో అలలు వచ్చే గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల దాకా ఆంక్షలు పెట్టింది. ఆ రేఖను ఎవరు కొలవాలన్న దగ్గరే తగాదా మొదలైంది. తర్వాత 2011లో, 2019లో నియమాలు మారాయి. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన తీర గ్రామాల్లో, అంతకుముందు 200 మీటర్లున్న నిర్మాణ నిషేధ పట్టీని 2019లో 50 మీటర్లకు తగ్గించారు. ఋషికొండ మీద కట్టడాల గురించి, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల గురించి విశాఖవాసులు వాదించుకుంటున్నది ఈ గీతల గురించే. కొల్లేరులో అయితే గీత ఎత్తులో ఉంది. 1999లో అయిదో కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) లోపలి సరస్సునంతా అభయారణ్యంగా ప్రకటించారు. ఆ కాంటూరు లోపల జిరాయితీ, అంటే సొంత, పట్టాలున్న రైతులు అప్పటి నుంచి ఇప్పటి దాకా దాన్ని కుదించమని అడుగుతూనే ఉన్నారు.

హైదరాబాద్‌కు సముద్రం లేదు. బదులుగా మూడు వేల అయిదు వందలకు పైగా చెరువులు, కుంటలు హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో లెక్కకు వచ్చాయి. అంటే తీరం మనకూ ఉంది, ముక్కలు ముక్కలుగా, కాలనీకొకటి చొప్పున. కొన్ని పేర్లలో మాత్రమే మిగిలాయి. మాసాబ్ ట్యాంక్‌లో బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి అక్కడ ఒక తటాకం ఉండేదని తెలుసు? తలాబ్ కట్టలో ఇప్పుడు తలాబూ లేదు, కట్టా లేదు.

ఎఫ్‌టీఎల్ అంటే పూర్తి స్థాయి నీటిమట్టం. దీన్ని కొలిచే పద్ధతి వినడానికి చాలా సులువు. ప్రతి చెరువుకూ ఒక అలుగు ఉంటుంది, దాన్నే మత్తడి అనీ అంటారు. చెరువు నిండాక మిగులు నీరు దాని మీదుగా పొర్లి కింది చెరువుకు పోతుంది. అలుగు పైఅంచు ఎంత ఎత్తులో ఉందో, అదే ఎత్తును చెరువు చుట్టూ పట్టుకుంటూ పోతే వచ్చే గీత ఎఫ్‌టీఎల్. హుస్సేన్ సాగర్‌కు అది సముద్రమట్టం నుంచి 513.41 మీటర్లు. వానాకాలంలో పత్రికల్లో రోజూ ఆ అంకె చూస్తూనే ఉంటాం. గండిపేటకు 1,790 అడుగులు, హిమాయత్ సాగర్‌కు 1,763.5 అడుగులు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. దక్కను చెరువులు లోయల్లో కట్టిన ఆనకట్టలు కావు, పళ్లేల్లా పరుచుకున్నవి. చెరువు వెనుక భాగంలో నేల నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగుతోందనుకోండి. అలుగు ఒక్క అడుగు తగ్గిస్తే నీటి అంచు నూరు అడుగులు వెనక్కి పోతుంది. పొడవునా ఆ నూరు అడుగుల పట్టీ ‘బయటికి’ వస్తుంది. రాత్రికి రాత్రి అలుగు పగలగొట్టడం, తూము తలుపులు తీసి వదిలేయడం, పై నుంచి నీరు తెచ్చే కాలువను మట్టితో పూడ్చడం లాంటి పనులకు అసలు కారణం ఇదే. చెరువును నేరుగా ఆక్రమించాల్సిన అవసరం లేదు. నిండకుండా చేస్తే చాలు. పదేళ్లు నిండని చెరువును చూసి ‘ఇక్కడ నీళ్లెక్కడున్నాయి’ అని ఎవరైనా అడగవచ్చు, అడిగినవాళ్లు అబద్ధం చెప్పినట్టూ కాదు.

దీనికి పూర్తిగా ఎదురుబొదురు వాదన ఇంకొకటి ఉంది. దాన్ని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. శివారు చెరువుల్లోకి చుట్టుపక్కల కాలనీల మురుగు పన్నెండు నెలలూ వచ్చి పడుతోంది. ఒకప్పుడు ఫిబ్రవరికల్లా వెనక్కి తగ్గే చెరువు ఇప్పుడు మే నెలలోనూ నిండుగా ఉంటుంది. లోపల పట్టా ఉన్న రైతు ‘మా తాతకు ఏడాదిలో ఆరు నెలలు భూమి ఉండేది, నాకు ఒక్క రోజూ లేదు, మీ మురుగు నా పొలం మీద నిలబెట్టి దాన్ని చెరువంటున్నారు’ అంటే మన దగ్గర ఏం జవాబుంది?

లోపల పట్టా ఏమిటని అడిగేవాళ్ల కోసం ఇది కొంచెం నెమ్మదిగా చెప్పాలి. చెరువు మునక భూమిని తెలంగాణ రెవెన్యూ భాషలో శిఖం అంటారు. శిఖం అంతా ప్రభుత్వానిది కాదు. కొంత సర్కారీ శిఖం, కొంత పట్టా శిఖం. పట్టా శిఖంలో రైతుకు హక్కు నిజంగానే ఉంది, కానీ అది నీటితో పంచుకున్న హక్కు. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, నిండినప్పుడు అడ్డు చెప్పకూడదు. మట్టి పోసి ఎత్తు చేయకూడదు, గోడ కట్టకూడదు. మా పెద్దాయన పుచ్చకాయల సేద్యం ఆ ఒప్పందానికి కొలిచినట్టు సరిపోయేది. నేలకూ నీటికీ కాలానికొకరు యజమాని అన్న ఏర్పాటు అది. అంత నాజూకైన ఆలోచనను మన పెద్దలు పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, ఒక్క పదంతో నడిపించారు.

ఆ పదం కాగితం మారేకొద్దీ జారిపోయింది. మా వీధిలో ఒక ఇంటి దస్తావేజులు నేను చూశాను. 1954-55 ఖాస్రా పహాణీ నకలులో ఆ సర్వే నంబరు ఎదురుగా శిఖం అని స్పష్టంగా ఉంది. తర్వాతి దశాబ్దాల పహాణీలో పట్టాదారు పేరు, విస్తీర్ణం ఉన్నాయి, శిఖం అన్న మాట ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆ తర్వాత జీపీఏ (అమ్మే అధికారం మరొకరికి రాసిచ్చే పత్రం), ఆ తర్వాత ప్లాట్లుగా కోసిన లేఅవుట్, ఆ తర్వాత వరసగా నాలుగు అమ్మకాలు. చివరి కొనుగోలుదారు ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు. ఆయన చేతికొచ్చిన సేల్ డీడ్‌లో చెరువు ఊసే లేదు. హద్దుల దగ్గర ‘పడమర: పొరుగువారి ప్లాటు’ అని మాత్రమే ఉంది. ఆ పొరుగువారికి పడమర చెరువు.

రిజిస్ట్రేషన్ అయింది కదా, ప్రభుత్వమే ఒప్పుకుంది కదా అని ఆయన అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది లావాదేవీని. అమ్మినవాడికి ఆ హక్కు అసలు ఉందా లేదా అన్నదానికి ఆ ముద్ర పూచీ కాదు. మీటరు ఇచ్చిన విద్యుత్ శాఖ, పన్ను వసూలు చేసిన మున్సిపాలిటీ కూడా ఆ పూచీ తీసుకోవు. నాలుగు ప్రభుత్వ ముద్రలు ఉన్న మనిషికి ‘ఇందులో ఏదీ హక్కు పత్రం కాదు’ అని ఇల్లు కూలేరోజున చెప్పడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అలాగని ఆ ఇల్లు చెరువులో లేదని చెప్పలేను. అది చెరువులోనే ఉంది. ఆ అక్టోబర్‌లో ఆయన మంచం మీద మంచం వేసి దాని మీద కూర్చున్నారు.

ఎఫ్‌టీఎల్ దాటాక బఫర్ జోన్ వస్తుంది. 2012లో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నియమాల ప్రకారం, పది హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువు అయితే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు వదలాలి. పెద్ద నాలాకు 9 మీటర్లు, పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు. చదవడానికి పొడిగా ఉండే ఈ అంకెల్లో ఎంత డబ్బు దాగి ఉందో ఒకసారి లెక్క వేసి చూశాను. చెరువు గుండ్రంగా, సరిగ్గా పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు ఉందనుకుందాం. దాని చుట్టూ 30 మీటర్ల పట్టీ తొమ్మిది ఎకరాలవుతుంది. అదే చెరువును సర్వేలో కొద్దిగా తగ్గించి తొమ్మిది పాయింట్ తొమ్మిది హెక్టార్లని తేలిస్తే పట్టీ 9 మీటర్లకు పడిపోయి రెండున్నర ఎకరాలవుతుంది. చెరువు కొలతలో పాతిక ఎకరానికి తేడా వస్తే ఆరున్నర ఎకరాలు కట్టుకోదగ్గ భూమిగా మారిపోతుంది! చెరువు విస్తీర్ణం మీద పెట్టే పేచీలు ఎందుకంత పట్టుదలగా సాగుతాయో ఈ లెక్క చూశాక నాకు అర్థమైంది.

బఫర్ ఎంత వెడల్పు ఉండాలన్నదీ తేలిపోయిన విషయమేమీ కాదు. బెంగళూరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెరువుల చుట్టూ 75 మీటర్లు వదలాలని ఆదేశిస్తే, చట్టబద్ధమైన ప్రణాళికను మార్చే అధికారం ట్రిబ్యునల్‌కు లేదంటూ 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది.

మన హైదరాబాద్‌లో చెరువును కాపాడుతున్నామన్న పేరుతో జరిగే ఒక పొరపాటు నన్ను ఎక్కువ బాధపెడుతుంది. సుందరీకరణ పేరిట చెరువు చుట్టూ ఒక కట్ట పోస్తారు. దాని మీద టైల్స్ పరిచి, దీపాలు పెట్టి, నడకదారి అంటారు. ఉదయం నేనూ అలాంటి దారి మీదే నడుస్తాను, హాయిగానే ఉంటుంది. కానీ ఆ చుట్టుకట్టను చాలాచోట్ల ఎఫ్‌టీఎల్ లోపలే వేశారు. కట్ట లోపలిది చెరువు, బయటిది ‘మిగులు’ అన్నట్టు జనం కంటికి అలవాటైపోతుంది. ఆ బయటి పట్టీ మీద మొదట మట్టి కుప్పలు పడతాయి, తర్వాత రేకుల షెడ్డు, ఆ తర్వాత షట్టర్లు. పై నుంచి వచ్చే వాననీరు చెరువులోకి దిగలేక ఆ కట్టకు ఇవతలే నిలిచిపోతుంది.

అసలు ఈ అంచు చేసే పనేమిటి? పది సెంటీమీటర్ల వాన ఒక ఎకరం మీద పడితే నాలుగు లక్షల లీటర్లు. మట్టి నేల అయితే అందులో కొంత ఇంకుతుంది, కొంత గడ్డిలో తుంగలో తచ్చాడి నెమ్మదిగా దిగుతుంది. కాంక్రీటు అయితే మొత్తం అదే గంటలో నాలాకు చేరుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో ఒక చెరువు నిండి మరో చెరువుకు పోయేటప్పుడు, ఆ పల్లపు పట్టీలు నీటికి ఆగే చోటు ఇస్తాయి. మనం ఖాళీ అనుకుంటున్న నేల ఏడాదికి మూడు రోజులు పూర్తి సమయం పనిచేస్తుంది. మిగతా రోజులు చూసి దానికి పని లేదనుకుంటాం.

ఈ నగరానికి ఆ సంగతి ఒకసారి చాలా ఖరీదు చెల్లించి తెలిసింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచన మీద మూసీపై ఉస్మాన్ సాగర్ (గండిపేట) 1920లో, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. తాగునీరు తర్వాతి సంగతి, మొదటి ఉద్దేశం వరదను పట్టి ఉంచడం. అంటే ఆ రెండు జలాశయాల్లో ఖాళీగా ఉండే జాగా కూడా నగరానికి అవసరమే.

ఈ రెండిటినీ కాపాడడానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. జలాశయాల నుంచి పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. కాలుష్యం కలిగించే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదు. కొత్త లేఅవుట్లలో 60 శాతం రోడ్లకు, ఖాళీ జాగాకు పోవాలి. కట్టడం విస్తీర్ణం స్థలంలో సగానికి మించకూడదు. ఒక నూనె పరిశ్రమ కేసులో 2000 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ ఆంక్షలకు మినహాయింపు ఇవ్వడాన్ని ఒప్పుకోలేదు.

అయితే ఆ ఆంక్షల కిందున్న మొయినాబాద్ రైతు వైపు నుంచి చూడండి. ఆయన పొలం గట్టు మీద నిలబడితే కోకాపేట భవనాలు కనిపిస్తాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ వేలంలోనే ఎకరం వంద కోట్లు దాటింది. గీతకు అటువైపు వంద కోట్లు, ఇటువైపు పాతికేళ్లుగా ‘మీరు నగరం కోసం పచ్చగా ఉండండి’ అన్న మాట. నగరం ఆయనకు ఏమిచ్చింది? పరిహారం లేదు, ప్రత్యేక సాయం లేదు. అదే సమయంలో అదే పది కిలోమీటర్ల లోపల ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. ఆంక్ష నిజాయతీగా పాటించినవాడికే శిక్షగా మారింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69తో ఆంక్షలు సడలించినప్పుడు ఆ ఊళ్లలో పండుగ చేసుకున్నారంటే నేను తప్పు పట్టలేను.

ఆ సడలింపుకు చెప్పిన కారణాన్ని మాత్రం తప్పు పడతాను. నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతోంది, ఈ జలాశయాల వాటా ఒకటింపాతిక శాతమే అన్నారు. నీళ్లు తాగడం మానేసినంత మాత్రాన వరద రావడం మానదు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి ఈ రెండు జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి చేరింది. పండక్కి ఊళ్లకు బయలుదేరిన ప్రయాణికులను అక్కడి నుంచి తరలించాల్సి వచ్చింది. పైన ఆ పది కిలోమీటర్లు కాంక్రీటుగా మారితే అదే వాన ఇంకెంత తొందరగా కిందికి దిగుతుందో ఇంజనీరు కానివాళ్లూ ఊహించగలరు.

నీటి అంచు లేని ఖాళీ నేలదీ ఇదే గొడవ. కంచ గచ్చిబౌలి పేరులోనే కంచ ఉంది, అంటే పశువులు మేసే బీడు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన, సర్వే నంబరు 25లోని 400 ఎకరాలు 2004 ప్రాంతంలో ఒక క్రీడా సంస్థకు కేటాయించి, 2006లో రద్దు చేశారు. ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా తేలింది. 2025 మార్చి చివర్లో, ఉగాది సెలవుల్లో, యంత్రాలు దిగి చెట్లు కొట్టడం మొదలుపెట్టాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపింది. భూమి ఎవరిది అన్న ప్రశ్నకు ఇరవై ఏళ్లు పట్టి జవాబు వచ్చింది. ఆ భూమి ఏమిటి, అడవా కాదా, అక్కడి నెమళ్లు, జింకలు, ఇంకే నీరు ఏమవుతాయి అన్న ప్రశ్న మాత్రం ఆ ఇరవై ఏళ్లలో ఒక్కసారీ ఎవరూ సరిగా వేయలేదు. యంత్రం దిగాక వేశారు. యాజమాన్యం తేలితే చాలు అన్నీ తేలినట్టేనని పరిపాలన భావించింది. మన తగవులన్నిటిలోనూ కనిపించే లోపం ఇదే.

అభివృద్ధి వైపు వాదనలో బలం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏటా వేల కుటుంబాలు ఉపాధి కోసం ఈ నగరానికి వస్తున్నాయి. వాళ్లకు ఇళ్లు కావాలి. నడిబొడ్డున నేల దొరక్కపోతే నగరం అవుటర్ రింగ్ రోడ్డు దాటి ఇంకో ముప్పై కిలోమీటర్లు పాకి, అక్కడి చెరువులనూ మింగుతుంది. ఖాళీగా వదిలిన జాగాను కబ్జాదారు ముందు చూస్తాడన్నదీ అబద్ధం కాదు, కంచె వేయని బఫర్‌కు మిగిలేది కాగితం మీది పేరే. అందుకే భూమి కోల్పోయేవాడికి దాని బదులు మరోచోట అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు, అంటే టీడీఆర్, ఇచ్చే పద్ధతి నాకు అర్థవంతంగా కనిపిస్తుంది. పట్టా శిఖం రైతుకు మొదట దక్కాల్సింది అదే. ఆయన హక్కు సగం హక్కే కావచ్చు, కానీ శూన్యం కాదు.

కోర్టులు చాలాకాలంగా ఒక మార్గం చెబుతున్నాయి. చెరువు, నది, తీరం లాంటివి ప్రభుత్వ సొత్తు కావు, ప్రజల తరఫున ప్రభుత్వం దగ్గర ఉంచిన నమ్మకపు సొత్తు అని. మన తెలుగు నేల మీదే దానికి మంచి ఉదాహరణ ఉంది. తిరుపతిలో అవిలాల, పేరూరు చెరువుల భూములను ప్రభుత్వం ఇళ్ల కోసం ఇచ్చేస్తే, ఒక పౌరుల బృందం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2006 ఫిబ్రవరిలో వచ్చిన ఆ తీర్పులో కోర్టు కట్టిన ఇళ్లను కూల్చమనలేదు. ఇకపై కొత్తవి కట్టవద్దంది. పేరూరు చెరువుకు నీరు తెచ్చే వంకను శుభ్రం చేయమంది. ఉన్న ఇళ్ల కప్పుల మీది వాననీటిని పట్టి ఇంకించమంది. అందులోని ఊరడింపు నాకు నచ్చుతుంది. తప్పు జరిగిపోయాక కూడా నీటికి ఎంత వెనక్కి ఇవ్వగలమో చూడడం అది.

హైదరాబాద్‌లో 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక పద్ధతి మారింది. గీత లోపల ఉన్నదాన్ని కూల్చడం మొదలైంది. చెరువుల మీద ఇంత చర్చ ఇంటింటా జరగడం నా ఎరుకలో ఇదే మొదలు, ఆ మేరకు మేలే. కానీ సెలవు రోజుల్లో, వివరణకు వ్యవధి ఇవ్వకుండా కూల్చడాన్ని హైకోర్టు అదే ఏడాది నిలదీసింది. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతల మీద ఇచ్చిన తీర్పులో ఇల్లు కూల్చే ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. రోడ్లు, కాలిబాటలు, రైలు పట్టాల పక్కన, నదుల్లో, జలవనరుల్లో ఉన్న అక్రమ కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని కూడా అదే తీర్పు చెప్పింది. అంటే నా ఇల్లు గీతకు అడుగు ఇవతల ఉంటే పదిహేను రోజులు, అడుగు అవతల ఉంటే ఆ హామీ లేదు. ఆ గీతే ఖాయం కాకపోతే?

అది ఖాయం కాలేదు, చాలా చెరువులకు. పద్ధతి ప్రకారం మొదట సర్వే చేసి ప్రాథమిక ప్రకటన ఇస్తారు, ప్రజల అభ్యంతరాలు తీసుకుంటారు, పరిశీలించి తుది ప్రకటన ఇస్తారు. ఎన్నో చెరువులు మొదటి మెట్టు మీదే ఏళ్లుగా ఆగి ఉన్నాయి, హైకోర్టు పదేపదే గుర్తుచేయాల్సి వచ్చింది. తుది ప్రకటన లేని ప్రతి చెరువు దగ్గరా ఇద్దరు మోసపోతున్నారు. ఇల్లు కొనేవాడు ఒకడు, చెరువు రెండోది. నన్నడిగితే, తుది గీత వచ్చి, రాళ్లు పాతి, ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ కంప్యూటర్‌లో ఎర్రగా మెరిసే దాకా ఆ చెరువు చుట్టూ ఒక్క అనుమతి కూడా ఇవ్వకూడదు. ఇళ్లు కట్టాక గీత గీయడం ఎవరి పక్షమూ కాదు, అభివృద్ధిదీ కాదు, పర్యావరణానిదీ కాదు.

అంబర్‌పేటలో బతుకమ్మ కుంట సంగతి చూస్తే నాకు కొంత ధైర్యం వస్తుంది. మట్టి, చెత్త పోసి పూడ్చేసిన ఆ కుంట మీద వివాదం కోర్టుకు ఎక్కింది. 2025 ఫిబ్రవరిలో తవ్వడం మొదలుపెడితే కొద్ది అడుగుల లోతులోనే నీళ్లు ఊరాయి. ఏదో పైపు పగిలిందేమోనని జనం మొదట అనుమానపడ్డారు. ఊట నీరేనని తేలింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో నిండు నీళ్లతో ఆ కుంటను తిరిగి ప్రారంభించారు.

మా చెరువుకూ ప్రాథమిక ప్రకటనే వచ్చింది. అభ్యంతరాలు ఇవ్వవచ్చని తెలిసి ఒక పేజీ రాసుకుని వెళ్లాను. హద్దురాయి అరవై అడుగులు ఇవతలికి రావాలని రాశాను. అలా అయితే మా వీధిలో నాలుగు ఇళ్లు బఫర్‌లోకి వస్తాయి, వాటిలో ఒకటి మాది. గుమాస్తా కాగితం తిరగేసి, “ఆధారమేమైనా ఉందా అమ్మా?” అని అడిగాడు. తేదీతో సహా ప్రింటు తీయించిన ఫొటో ఇచ్చాను, 2020 అక్టోబర్ 14 ఉదయం, తాటిచెట్టు మొదట్లో నీళ్లు. వెనుక పెద్దాయన వేలిముద్ర ఉంది, చెరువు ఎంత దాకా వచ్చేదో ఆయన చెప్పిన రెండు వాక్యాల కింద. గుమాస్తా దాన్ని కాసేపు చూసి, పిన్ను కొట్టి, ముద్ర వేసి, రసీదు చేతికిచ్చాడు.